లోపలి ఉప్పు

మీరే చేశారు. నా కడుపులో గడ్డ చేయలేదు, నా తలరాత చేయలేదు, మీరే చేశారు. పై అంతస్తులో చల్లటి గదిలో కూర్చుని, కౌంటు బాగుంటే చాలు మందు తగిలించేయండి, లవణాల సంగతి సాయంత్రం చూసుకోవచ్చు అని రూలు పెట్టిన పెద్దలారా, మీ గురించే మాట్లాడుతున్నాను, తలలు పక్కకి తిప్పుకోకండి. మా చేతుల్లోంచి రక్తం రెండు గొట్టాల్లోకి తీస్తారు. ఊదారంగు మూత గొట్టం పరుగున పోతుంది, ఎందుకంటే కణాల కౌంటు అందులో ఉంటుంది, కౌంటు రానిదే మందు కలపరు. పసుపు మూత గొట్టం మాత్రం కిటికీ గట్టు మీద కూర్చుంటుంది, ఆఖరి బస్సు తప్పిపోయిన ముసలమ్మలాగా, సాయంత్రం లవణాల మిషను తిప్పేదాకా. ఈలోపు మందు ఎక్కేస్తుంది, మనిషి సంచీలోకి వాంతి చేసుకుంటూ ఇంటికి వెళ్లిపోతుంది. సాయంత్రం ఆ గొట్టం నోరు తెరిచి, ఈవిడ రక్తంలో పొటాషియం అడుగంటింది నాయనా అని చెబితే వినే నాథుడు ఉండడు. పోయినసారి నా గొట్టం అలాగే చెప్పిందట. ఇవాళ పొద్దున నేను వార్డు గుమ్మంలో మోకాళ్లు మడతపడి బస్తాలా కూలిపోయాక, చిన్న డాక్టరు పాత రిపోర్టు వెతికి తీసి "అప్పుడే తక్కువుంది" అన్నాడు. అని, నాలిక కరుచుకున్నాడు. విన్నానయ్యా. కాళ్లు పడిపోయాయి గాని చెవులు పడిపోలేదు.

ఇప్పుడు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మీద బొత్తాల్లాంటివి అంటించి, వాటికి తీగలు తగిలించి, ఆ తీగల చివర ఒక తెర పెట్టారు. తెర మీద ఆకుపచ్చ గీత, అది నేనట. కదలొద్దన్నారు, మాట్లాడొద్దన్నారు. చేతి నరంలోకి పొటాషియం చుక్కలు చుక్కలుగా దిగుతోంది. అది నీళ్లలా దిగదు, ఎర్రగా కాల్చిన తీగలా దిగుతుంది, మణికట్టు నుంచి మోచేతి దాకా ఎక్కడెక్కడ నరం ఉందో నాకు బొమ్మ గీసి చూపిస్తూ. కాస్త తొందరగా పోనివ్వకూడదా తల్లీ అంటే సిస్టరమ్మ కళ్లు పెద్దవి చేసింది. "తొందరగా పోతే గుండె ఆగిపోతుంది పెద్దమ్మా. తక్కువైనా ఆగుతుంది, ఒక్కసారిగా ఎక్కువైనా ఆగుతుంది. చుక్క చుక్కగానే." ఇదేం వస్తువురా నాయనా, తక్కువైతే చంపుతుంది, ఎక్కువైతే చంపుతుంది, సన్నటి గట్టు మీద నడిచినంత సేపే బతుకు. ఆ గట్టు మీద నేను ఇన్నేళ్లు నడిచానా, నడుస్తున్నానని తెలియకుండానే, కేకలు వేసుకుంటూ, జెండాలు పట్టుకుని, కూర వండుకుంటూ, మా ఆయనతో పోట్లాడుతూ! లోపల ఎవరు పట్టుకున్నారు త్రాసు? నిద్రపోయినప్పుడు కూడా ఎవరు పట్టుకున్నారు?

పక్క మంచం మీద టైలరమ్మ కూర్చుని ఉంది. నాకన్నా చాలా చిన్నది, నన్ను అక్కా అంటుంది. నాలాంటి గడ్డే, నాలాంటి మందే. ఆమె మందు కింది అంతస్తు మందుల గదిలో కలుపుతున్నారు, వస్తే ముందు వాంతి ఆపే సూది వేస్తారు, తర్వాత సంచి తగిలిస్తారు. ఇంకో గంటలోపు వచ్చేస్తుంది అని సిస్టరమ్మ అంది. ఆమె కాళ్లు కొంకర్లు పోతున్నాయి. దుప్పటి కింద పిక్కల్ని రెండు చేతులతో పిసుక్కుంటోంది, ఎవరూ చూడనప్పుడు. పొద్దున నన్ను మంచం ఎక్కించాక నా చెవి దగ్గర వంగి గుసగుసగా అంది, "అక్కా, నాకూ నీలాగే ఉంది. వారం నుంచి సూదిలోకి దారం ఎక్కించలేకపోతున్నా, వేళ్లు బిగుసుకుపోతున్నాయి. చెప్పకు. నీ పుణ్యముంటుంది చెప్పకు." ఎందుకే అన్నాను. "వాయిదా వేస్తారు. రెండో విడతప్పుడు కౌంటు తక్కువని వాయిదా మీద వాయిదా వేశారు, ఆ ఎడంలో గడ్డ మళ్లీ చిగురేసింది. ఇదే ఆఖరి విడత అక్కా. దీన్ని దాటేస్తే నా కొట్టుకి నేను పోతా." సరే అన్నాను. నోట్లోంచి వచ్చేసింది సరే అని. ఇప్పుడా సరే నా ఛాతీ మీద ఈ బొత్తాల కన్నా బరువుగా ఉంది.

బాగానే ఉంది, ఏమీ లేదు, బాగానే ఉంది. ఈ హాల్లో మొదట నేర్పే పాఠం ఇది. కొత్తగా వచ్చినవాళ్లకి పాతకాపులు చెబుతారు, డాక్టరు పిలిచే ముందు బుగ్గలు గిల్లుకో, రంగొస్తుంది. నిలబడి మాట్లాడు, కుర్చీ పట్టుకోకు. ఎలా ఉందంటే బాగానే ఉందను. ఎన్నిసార్లు విరేచనమైందంటే రెండుసార్లను. నిజం చెప్పావో వాయిదా. మందు విషమని అందరికీ తెలుసు, అయినా ఆ విషం దొరకదేమోనన్న భయం విషం కన్నా పెద్దది. పరీక్ష రాయడానికి జ్వరం దాచుకుని బడికి పోయే పిల్లల్లా మందెక్కించే కుర్చీల్లో కూర్చుంటాం వరసగా, జుట్టులేని తలలకి రంగురంగుల గుడ్డలు చుట్టుకుని, బుగ్గలు గిల్లుకుని. దొంగలం కాదు మేము. అబద్ధం చెప్పక తప్పని చోట నిలబెట్టారు మమ్మల్ని. నిజం చెప్పినవాడికి శిక్ష వేసే చోట అబద్ధమే కూడు పెడుతుంది, ఇది ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా అంతే.

మా లాండ్రీలోనూ అంతే. పెద్ద ఆవిరి లాండ్రీ, ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు కొండలుగా వచ్చేవి, రోలర్ల మధ్య నుంచి పొగలు కక్కుతూ బయటికొచ్చే దుప్పటిని ఇద్దరం చెరో కొస పట్టుకుని మడతేయాలి, ఆగితే వెనక దుప్పటి వచ్చి మీద పడుతుంది. వేసవిలో మనుషులు రోలర్ల దగ్గరే కుప్పకూలేవాళ్లు, పిక్కలు పట్టేసి, వేళ్లు కోడికాళ్లలా వంకర్లు తిరిగి. ఎవరు పడ్డారో సూపర్‌వైజరుకి చెప్పేవాళ్లం కాదు. పడ్డదాన్ని బట్టల గుట్ట వెనక పడుకోబెట్టి ఆమె వాటా మేమే మడతేసేవాళ్లం. మనవాళ్ల గుట్టు పైవాళ్లకి చేరేయకూడదు. నాకు బడి లేదు, పంతులు లేడు, సామాను చుట్టుకొచ్చిన కాగితాలు చదివి చదవడం నేర్చుకున్నదాన్ని, నేర్చుకున్నవాటిల్లో మొదటి అక్షరం అది. దాని మీదే సంఘం కట్టాం. ఉప్పు నీళ్ల డ్రమ్ము పెట్టమని పని ఆపితే మేనేజరు నవ్వాడు, ఉప్పు మీ ఇంట్లో లేదా అని. ఉంది బాబూ, మా ఇంట్లో ఉన్న ఉప్పంతా నీ దుప్పట్లలోకి కారిపోతోంది అన్నాన్నేను. డ్రమ్ము వచ్చింది. ఆ డ్రమ్ములో గరిటె మునిగిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది, ఆ నీళ్లు తాగి లేచి నిలబడ్డ మనుషుల ముఖాలు గుర్తున్నాయి, వాడిన కొమ్మకి నీళ్లు పోస్తే ఆకు తల ఎత్తినట్టు. చిటికెడు ఉప్పుకి మనిషి లేస్తుందా అని అప్పుడే నోరు తెరుచుకుని చూశాను. చూసి మర్చిపోయాను. మీటింగులు ఎక్కువై ఆశ్చర్యపడ్డానికి తీరిక ఉండేది కాదు.

ఇప్పుడు తీరిక దొరికింది. కదలడానికి లేదు కదా. పొటాషియం అంటే ఏంటో నాకు తెలుసు, ఎవరో పారేసిన బడి పుస్తకంలో చదివాను, సామాన్య శాస్త్రం, అట్ట లేదు. అది లోహమట. లోహమంటే రోలరు, గడ్డపార. కాని ఇది వెన్నలాంటి లోహం, చాకుతో కోస్తే తెగుతుందట. నీళ్లలో వేస్తే ఊదారంగు మంటతో భగ్గున అంటుకుంటుందట. నమ్మలేదప్పుడు. నీళ్లలో మండేదేమిటి, పుస్తకాలవాళ్లు ఏదైనా రాస్తారు అనుకున్నాను. నీళ్లలో మండే ఆ మంటని నా ఒళ్లు ఎప్పుడు మచ్చిక చేసుకుంది? అరటిపండులోంచి, ఆకుకూరలోంచి, మట్టిలోంచి ఏరుకుని, మంట ఆర్పి, నాలోని ప్రతి కణంలో నింపుకుంది, ఇంటింటికీ ఒక దీపం పెట్టినట్టు. చిన్న డాక్టరు చెప్పాడు, దాదాపు అంతా కణాల లోపలే ఉంటుందట, బయట రక్తంలో తిరిగేది ఇంతంటే ఇంతేనట. లోపలికీ బయటికీ ఉన్న ఆ తేడా మీదే కండ బిగుసుకుంటుంది, గుండె కొట్టుకుంటుంది. ఆ తేడా మీదే నేను పిడికిలి ఎత్తాను! ఇంతమంది ముందు మైకు పట్టుకుని నిలబడి, మన బలం మన ఐక్యతలో ఉంది అని గొంతు చించుకున్నాను గాని, ఆ పిడికిలి లేవడానికి ఉన్న బలం ఎక్కడుందో నాకేం తెలుసు? పొద్దున తలగుడ్డ కట్టుకుందామని చేయెత్తితే లేవలేదు. చేయి, నా చేయి, ఎవరో పరాయిది పక్కలో పెట్టినట్టు పడుంది. దువ్వెన పని లేకపోవడం మంచిదైంది అని మా ఆయనతో జోకు వేశాను. ఆయన నవ్వలేదు, గుడ్డ తనే కట్టాడు, నల్లా పైపుకి కారకుండా చుట్టినట్టు బిగించి కట్టాడు.

ఇంకో లోహం కూడా ఉంది లోపల. నాకెక్కించిన మందులో ప్లాటినం ఉందట, నగల కొట్లో అద్దాల పెట్టెలో పెట్టి మన ఊపిరి కూడా తగలనివ్వరు, ఆ ప్లాటినం. చెవికి గుచ్చుకోవడానికి గతిలేనిదాన్ని కడుపులో పోసుకుని తిరుగుతున్నాను చూడండి. అది గడ్డ కణాల్లోకి దూరి, వాటి లోపలున్న జడల్లాంటి పోగుల్ని ముడేసి పారేస్తుందట, అవి పెరగలేక చస్తాయట. గడ్డ తగ్గింది. చేత్తో నొక్కి చూసుకుంటే గుప్పెడున్నది గోళీ అయింది. ఎంత గొప్ప పని! ఎక్కడో కొండ తొలిచి తీసిన లోహానికి నా కడుపులో దారి తెలిసిందా? దాన్ని నేను తిట్టను. దాన్ని కనిపెట్టినవాళ్లకి, కలిపేవాళ్లకి మొక్కుతాను, మొక్కడం నా అలవాటు కాకపోయినా. కాని అది పోతూ పోతూ మూత్రపిండాలని గీరేసి పోతుంది. లవణాలని వడకట్టి వెనక్కి పట్టుకోవాల్సిన వేళ్లు అక్కడ మొద్దుబారిపోతాయి, పొటాషియం, మెగ్నీషియం వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి, పైగా వాంతులు, విరేచనాలు. ఇది కొత్త సంగతి కాదు, ఎవడికీ తెలియని రహస్యం కాదు. తెలిసిందే, చూడటమే లేదు.

మా ఆయన పంపుల మేస్త్రి. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చుక్కలు పడే గొట్టాన్ని చూస్తున్నాడు, చేతులు నులుముకుంటూ, ఇంకెవరి పనితనమో నచ్చని మేస్త్రి చూపుతో. సిస్టరమ్మ రెండో సీసా తెచ్చి తగిలించింది.

"ఇదేంటమ్మా మళ్లీ?"

"మెగ్నీషియం బాబాయ్. అది లేకపోతే పొటాషియం ఎంత ఎక్కించినా నిలబడదు, పోతూనే ఉంటుంది."

"అదీ సంగతి! అడుగున వాషరు పోయింది, పైన ఎన్ని బిందెలు పోస్తే ఏం లాభం. మరి వాషరు ఎప్పటికి కుదురుకుంటుంది?"

"మెల్లగా. పరీక్షలు చేస్తూ, పోసుకుంటూ ఉండాలి."

"ఈవిడకి మెల్లగా అనేది తెలీదమ్మా. పెళ్లిపీటల మీద కూడా పంతులుగారిని తొందరపెట్టింది."

నోరు తెరవబోతే సిస్టరమ్మ వేలు చూపించింది. నోరు మూసుకోవడం నాకు కొత్త మందు, దీని దుష్ఫలితాలు ఇంకా తెలియవు. ఆయన నా వేళ్లు పట్టుకున్నాడు. పైపులు బిగించి బిగించి గరుకెక్కిన అరచేయి. బయట అద్దాల కిటికీ మీద ఎండ మెల్లగా జరుగుతోంది, ఎవరో ట్రాలీ తోసుకుపోతున్నారు, గోడ మీద టీవీలో ఎవరో ఎవరినో గట్టిగా పొగుడుతున్నారు, టీ మిషను బుసకొట్టింది, పక్క మంచం దుప్పటి కింద ఒక పాదం బొటనవేలు పైకి లేచి విల్లులా బిగుసుకుపోయింది, టైలరమ్మ పెదవి కొరుక్కుంది, నేను ఆ బొటనవేలినే చూస్తున్నాను, చూస్తుండగా

ఒకటి తప్పింది.

ముందు ఒక దెబ్బ తొందరపడి వచ్చింది, ఛాతీలో చేప ఎగిరినట్టు, ఆ తర్వాత ఏమీ లేదు. మెట్టుందనుకుని చీకట్లో అడుగేస్తే మెట్టు లేకపోవడం ఉంటుంది చూడండి, అలాగ. తెర మీద గీత సాగిపోతోంది, నున్నగా, తలెత్తకుండా. ఎంతసేపని అడగకండి, కాలాన్ని కొలిచేదే ఆగిపోతే ఎంతసేపో ఎవరు చెబుతారు. ఆ సందులో హాలంతా కనిపించింది. ట్రాలీ చక్రం, టీవీలో తెరిచిన నోరు, మా ఆయన చొక్కా బొత్తాం ఒకటి వేరే రంగు దారంతో కుట్టి ఉండటం, నేనే కుట్టాను ఎప్పుడో, అన్నీ ఒక్కసారిగా, దేనికదే, కడిగి ఆరేసినట్టు. భయం వేయలేదు. నిజంగా చెబుతున్నాను, భయం ఆ సందులో పట్టలేదు. అంత ఇరుకు. పట్టింది ఒక్కటే, అయ్యో, ఇదా! ఇదా ఇన్నాళ్లూ కొట్టుకుంటున్నది! అమ్మ కడుపులో నాకింకా ముఖం కూడా రాకముందు మొదలుపెట్టింది, పేరు పెట్టకముందు, ఏడుపు రాకముందు. కూలి అడగలేదు. సెలవడగలేదు. నేను ఊరంతటికీ పని ఆపమని చెప్పి గేటు ముందు పడుకున్న రోజుల్లో కూడా ఇది లోపల పని ఆపలేదు. సమ్మె చేయించడానికి నేను పుట్టానని గొప్పలు పోయాను, నా రొమ్ము కింద సమ్మె ఎరగని కూలిది ఒకతి ఉండి, దాని చెమట మీద నిలబడి నేను ఉపన్యాసాలిచ్చాను. దానికి కావలసింది చిటికెడు ఉప్పు. వేరే ఏమీ కాదు. అది కూడా అడగలేదు, పిక్కల్ని పంపి అడిగించింది, వేళ్లని పంపి అడిగించింది, మేము బాగానే ఉంది అన్నాం.

ధడ్ మని కొట్టింది. గుమ్మం తన్నినట్టు, పక్కటెముకలు అదిరేలా. మళ్లీ. మళ్లీ. గీత తల ఎత్తింది, కొండలు లోయలు కొండలు. కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి, చెవుల్లోకి. ఏడుపు కాదది. పుట్టిన పిల్లని మొదటిసారి పొట్ట మీద పడుకోబెడితే వస్తాయే, ఆ నీళ్లు. చిన్న డాక్టరు పరుగున వచ్చి తెర చూశాడు, చుక్కల వేగం చూశాడు, నా మణికట్టు పట్టుకుని తన గడియారం చూశాడు.

"ఏమీ లేదమ్మా. అప్పుడప్పుడు ఒకటి తప్పుతుంది. లవణం ఎక్కేకొద్దీ తగ్గుతుంది. మీరు మాత్రం కేకలు పెట్టకండి, ఆవేశపడకండి."

"బాబూ, ఇది... ఇది ఎవరు నేర్పారు దీనికి?" అన్నాను.

"దేనికమ్మా?"

"గుండెకి. మళ్లీ మొదలుపెట్టమని."

అతను నా మణికట్టు వదిలాడు. అలసిపోయిన ముఖం, గడ్డం గీసుకోలేదు, ఇతను చెడ్డవాడు కాదు, ఇతన్నీ ఆ పై అంతస్తు రూలే నడిపిస్తోంది. "నిజం చెప్పాలంటే," అన్నాడు, "చదువుకున్నాను గాని, చూసినప్పుడల్లా నాకూ అలాగే అనిపిస్తుంది." ఇద్దరం తెరకేసి చూశాం, కొత్తగా పుట్టిన పిల్లాణ్ణి చూసినట్టు. తర్వాత మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు, "పొద్దున మీరు పడిపోవడమే మంచిదైంది. నిలబడి బాగానే ఉన్నానని అని ఉంటే వాంతి సూది వేసి సంచి తగిలించేవాళ్లం. ఆ సూది కూడా గుండె లయని సాగదీస్తుంది, పొటాషియం లేనప్పుడు మరీను. కుర్చీలోనే..." మిగతాది మింగేశాడు. ఎవరో పిలిస్తే వెళ్లిపోయాడు.

కుర్చీలోనే. టీవీ చూస్తూ, చేతిలో చల్లారిన టీతో, కుర్చీలోనే.

టైలరమ్మ విన్నదా? వినలేదు, లేదా విని వినలేదు. తన సంచీలోంచి చిన్న గుడ్డముక్క తీసి అంచు కుడుతున్నట్టు పట్టుకుంది, చేతిలో సూది లేదు, ఉత్తినే వేళ్లు ఆడిస్తోంది, బిగుసుకున్నాయని తెలియకుండా. అబ్బ, ఆ వేళ్లు! నాకు కుట్టిన తలగుడ్డ చూడండి, కుట్టు ఎక్కడుందో తడిమినా దొరకదు. ఈ హాల్లో సగం తలల మీద ఆమె కుట్టినవే. ఆ వేళ్లలోనూ దీపాలున్నాయి ఇంటింటికీ, ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి, ఆమె రొమ్ము కింద కూడా ఒక కూలిది ఉప్పు లేక పని చేస్తోంది. నేను సరే అన్నాను. మనవాళ్ల గుట్టు పైకి చేరేయకూడదు. చేరేస్తే నేనెవర్ని? ఆమె మందు ఆగిపోయి, గడ్డ చిగురేసి, అక్కా నువ్వు చెప్పకపోతే బతికేదాన్ని అంటే నేనేం సమాధానం చెప్పను? చెప్పకపోతే... చెప్పకపోతే అనడానికి ఆమే ఉండదు. ఇదేం లెక్క. చెబితే ద్రోహం, చెప్పకపోతే హత్య. ఇలాంటి లెక్కలో మనిషిని ఇరికించేది ఎప్పుడూ పైవాళ్లే, ఇరుక్కుని ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోలేక చచ్చేది మేము. తూకం వేస్తూ కూర్చోకూడదు, తక్కెడే తప్పు. తక్కెడ విరగ్గొట్టాలి. ఎలాగ? చేయి లేవడం లేదు, గొంతు లేవకూడదు.

"అమ్మాయ్," అన్నాను.

"ఊఁ అక్కా."

"నువ్వే చెప్పు, డాక్టరుతో. మళ్లీ అడుగుతున్నా."

"చచ్చినా చెప్పను. నువ్వు మాటిచ్చావు." గుడ్డముక్క వైపే చూస్తూ నవ్వింది. "మాటిచ్చి తప్పే లీడర్లని చాలామందిని చూశాంలే, నువ్వు ఆ బాపతు కాదు."

"నీ పాదం చూడవే."

"చూస్తున్నా. నాట్యం నేర్చుకుంటోంది. నీకెందుకు కుళ్లు?"

లిఫ్టు తలుపు తెరుచుకుంది. వెలుతురు తగలకూడదని నల్లకవరు తొడిగిన సంచి, పళ్లెంలో, పక్కనే సూది. సిస్టరమ్మ దాన్ని పట్టుకుని టైలరమ్మ దగ్గరికి వచ్చింది, పేరడిగింది, పుట్టిన తేదీ అడిగింది, సంచి మీద ఉన్నదానితో సరిచూసుకుంది. ఎంత జాగ్రత్త! మనిషి ఆ మనిషేనా అని ఇంత జాగ్రత్తగా చూస్తారు, ఆ మనిషి లోపల ఏముందో చూడరు.

"ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉంది సిస్టర్." బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడే గిల్లుకుంది.

"నీరసం, తిమ్మిర్లు?"

"అబ్బే."

"సిస్టర్" అన్నాను నేను. నా గొంతు పత్తిలోంచి వచ్చినట్టు వచ్చింది, టీవీలో పొగడ్త దాన్ని మింగేసింది. మా ఆయన టీ తేవడానికి లేచి వెళ్లాడు. టైలరమ్మ నా వైపు తిరిగింది, కళ్లతోనే బతిమాలింది, వద్దు. సిస్టరమ్మ సూది మూత తీసింది. నా గుండె, నా కూలిది, పరుగెత్తుతోంది, మళ్లీ తప్పబోతోందని తెలుస్తోంది, కాస్త నెమ్మదించవే తల్లీ, ఆ సూదిని నన్ను ఆపనివ్వు. చేయి దుప్పటి మీద పాకించాను, ఎత్తడానికి బలం లేదు గాని పాకడానికి ఉంది, ఆ కాస్త బలం ఈ గంటలో చుక్క చుక్కగా దిగిందే, వేళ్లకి తీగ తగిలింది, చుట్టుకున్నాను, పీకాను. ఒకటి. ఇంకొకటి. అన్నీ.

మిషను అరిచింది. అబ్బో, ఏం గొంతు దానిది! గీత నేలకి పడిపోయింది, ఎర్రదీపం వెలిగింది, టీవీ నోరు మూసుకున్నట్టయింది, హాలంతా లేచి నిలబడింది, సిస్టరమ్మ సూదిని పళ్లెంలో పడేసి నా మీదికి దూకింది, చిన్న డాక్టరు తలుపు తోసుకుని వచ్చాడు, మా ఆయన టీ గ్లాసు పారేసి పరుగెత్తుకొచ్చాడు. డాక్టరు అరచేతులు నా ఛాతీ మీద ఆనించబోతుంటే నేను కళ్లు తెరిచి ఉన్నాను.

"చావలేదు," అన్నాను. "తీగలు నేనే పీకాను. మిషను ఆపకండి, అరవనివ్వండి, పై అంతస్తుకి వినపడాలి."

"పిచ్చి పట్టిందా మీకు!" అన్నాడు డాక్టరు, ముఖం పాలిపోయి.

"పట్టలేదు. మెల్లగానే మాట్లాడతాను, దగ్గరికి రా, వినిపించాక మళ్లీ అంటించుకో. నేను ఎవరి పేరూ చెప్పను, ఎవరి గుట్టూ చెప్పను. ఈ హాల్లో బాగానే ఉంది అన్న ఏ ఒక్కరి మాటా నమ్మకు, నాది కూడా నమ్మకు. ఆ సూది మూత పెట్టించు. అందరి రక్తంలో లవణాలు చూడు, ఒక్కరు కూడా మిగలకుండా, ఇప్పుడే. సాయంత్రం తిప్పే మిషను ఇప్పుడు తిప్పించు. కౌంటుతో పాటే పొటాషియం, మెగ్నీషియం రాకుండా ఇక ఏ పూటా మందు కలపొద్దని పైవాళ్లకి ఇప్పుడే ఫోన్ చెయ్. ఇంకోటుంది, ఇది లేకపోతే ముందు చెప్పిందంతా దండగ, జాగ్రత్తగా విను. తక్కువున్నవాళ్లని ఇంటికి పంపకు, వాయిదా వేయకు. ఇక్కడే పడుకోబెట్టి ఎక్కించు, గుండె కుదురుకోగానే మందివ్వు. ఆ మాట నువ్వు ఈ హాలందరికీ వినపడేలా గట్టిగా చెప్పు బాబూ, నాకు గొంతు లేదు. చెప్పు. అప్పుడుగాని ఎవరూ నిజం చెప్పరు. ఇంకా నన్ను చూస్తావేంటి? లే, చెప్పు!"